భక్తసింగు జీవితము

దైవము కలడనువారును లేడనువారును మన దేశమున ప్రాచీనకాలము నుండియు కలరు. భరతునితో చిత్రకూటమునకు వచ్చిన జాబాలి శ్రీరామునకు నాస్తికవాదమును వినిపించిన కథ రామాయణము చదివినవారందరకు తెలిసినదే. చార్వాక మతమును ఖండింపదలచిన మన శాస్త్రకారులు, ముందుగ ఆ మతమేమో వివరించి, పిదపనే ఖండనకు పూనుకొనిరి. ఆస్తికుడై పుట్టి ఆస్తికుడుగనే గతించువారు లోకమున పెక్కురు. నడుమ నాస్తికుడై మరల దైవమును ఆశ్రయించువారు కొందరు. అట్లు ఆశ్రయించునపుడు పుట్టినింటి మతమును గాక వేరొక మతమును చేపట్టి, అందువలన ఇల్లు, ఆస్తి, బంధువర్గము విడువవలసి వచ్చినవారు మిక్కిలి అరుదు. పంజాబులో పుట్టి, ఇంగ్లండులో నాస్తికుడై, కెనడాలో క్రైస్తవుడై, తుదకు హైదరాబాదు నగరమున తెలుగువారి నడుమ దేహము చాలించిన భక్తసింగు అట్టివాడు. ఆయన జీవితము ఏ మతమువారైనను, ఏ మతమును లేనివారైనను తెలిసికొనదగినది.

ఆయన పేరునందే ఒక విశేషము కలదు. తలిదండ్రులు ఉంచిన పేరు బఖ్త్ సింగ్. పారసీ భాషలో బఖ్త్ అనగా అదృష్టము. ఆయన దక్షిణ దేశమునకు వచ్చిన పిదప తెలుగువారి నోట ఆ పేరు భక్తసింగు అయినది. తలిదండ్రులు అదృష్టవంతుని కోరిరి. తెలుగుభాష భక్తుని చేసినది. మన ప్రాంతమున ఆ పేరే స్థిరపడినది గావున ఇచటను అట్లే వ్రాయబడినది.

భక్తసింగు 1903వ సంవత్సరము జూన్ 6వ తేదీన సర్గోధా జిల్లాలోని జోయియా గ్రామమున జన్మించెను. ఆ ప్రాంతము నేడు పాకిస్తానులో ఉన్నది. తండ్రి జవాహర్ మల్, తల్లి లక్ష్మీబాయి. కలిగిన కుటుంబము, సిక్కుమతమునందు నిష్ఠగల కుటుంబము. బాల్యమున ఆతడు గురుద్వారమున చాలసేపు గడుపుచు, అచటి సేవలలో ఆసక్తితో పాల్గొనుచుండెను.

అయినను చదువు మాత్రము క్రైస్తవ మిషను పాఠశాలలో సాగెను. ఆ కాలమున మంచి చదువు కోరువారు మతభేదము పాటింపక పిల్లలను మిషను బడులకు పంపుచుండిరి. అచటి వసతిగృహమున ఏండ్ల తరబడి ఉండియు భక్తసింగు బైబిలు గ్రంథమును చదువలేదు. పైగా అచటి క్రైస్తవ బాలురను తోడి విద్యార్థులతో గూడి ఎగతాళి చేయుచుండెడివాడు. పరీక్షలో ఉత్తీర్ణుడైనపుడు పాఠశాలవారు ఆతనికి ఒక బైబిలును బహూకరించిరి. దానికి చక్కని తోలు అట్ట ఉండెను. ఆతడు ఆ అట్టను మాత్రము దాచుకొని, లోని కాగితములను చింపివైచెను. ఈ సంగతిని తరువాతి కాలమున ఆయనయే సభలలో సిగ్గుపడుచు చెప్పుకొనెడివాడు. గ్రంథమును చింపుట ఎట్టి అపచారమో పుస్తకములను అపురూపముగ కాపాడుకొను గ్రంథాలయ పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. అయితే ఈ చింపిన గ్రంథము కథ అంతటితో ముగియలేదు.

లాహోరులో కళాశాల విద్య ముగించిన పిదప ఆతనికి ఇంగ్లండు పోవలెనను కోరిక కలిగెను. కుమారుడు తన వ్యాపారమున తోడ్పడవలెనని తలచిన తండ్రి అందుకు ఇష్టపడలేదు. తల్లి మాత్రము కుమారుని పక్షము వహించెను. కాని ఆమె ఒక వాగ్దానము కోరెను. ఎంత దూరము పోయినను, ఎవరితో మెలగినను, పుట్టిన మతమును విడువరాదని ఆమె అడిగెను. కుమారుడు నిస్సంకోచముగ మాట ఇచ్చెను. క్రైస్తవ గ్రంథమును చింపిన చేతులతో ఇచ్చిన మాట గావున, అది తప్పుట సంభవించునని తల్లికి గాని కుమారునికి గాని తోచియుండదు.

1926లో భక్తసింగు లండను నగరము చేరి, కింగ్స్ కాలేజీలో యంత్రవిద్య అభ్యసింప మొదలిడెను. మొదట కొంతకాలము తలపాగాను, కేశములను కాపాడుకొనెను. సిక్కులు ధరింపవలసిన ఐదు చిహ్నములలో కేశములు మొదటివి. దినములు గడచిన కొలది ఆ నిష్ఠ సడలెను. కేశములు తీయించెను, గడ్డము గొరిగించెను, ధూమపానము, మద్యపానము అలవడెను. నాటకశాలలు, విందులు, ఖరీదైన దుస్తులు, దేశాటనము ఆతని దినచర్య అయ్యెను. తుదకు దైవము లేడనియు, మతములన్నియు మనుష్యకల్పితములనియు వాదించువారిలో ఆతడొకడయ్యెను.

ఇచట ఒక సూక్ష్మము గమనింపదగియున్నది. తల్లికిచ్చిన మాటలోని అక్షరమును ఆతడు అప్పటికి ఉల్లంఘింపలేదు. వేరొక మతమున చేరలేదు గదా! కాని ఆ మాటలోని భావము ఏమి మిగిలెను? కేశములు లేవు, ప్రార్థన లేదు, దైవమే లేడు. ఇంతయైనను ఆతని నెవ్వరు మతభ్రష్టుడని వెలివేయలేదు. మతము ఉన్న తావు శూన్యమైనంతకాలము ఎవరికిని పట్టలేదు; ఆ శూన్యము వేరొకదానితో నిండినపుడే కలత పుట్టినది. అయితే ఆ శూన్యము ఆతనికి సుఖమును ఈయలేదు. కోరినవన్నియు సమకూరినవి, మనశ్శాంతి మాత్రము సమకూరలేదు. పడమటి నాగరికతయందు ఆతనికి ఉన్న మోజు సయితము క్రమముగ తగ్గెను.

1928లో సెలవు దినములలో భక్తసింగు ఓడపై కెనడాకు బయలుదేరెను. ఓడలో ఒకనాడు క్రైస్తవ ఆరాధన జరుగునని ప్రకటన వ్రేలాడదీసిరి. తోడి ప్రయాణికులు పోవుచుండగా ఆతడును పోయి కూర్చుండెను. ప్రసంగము జరుగుచుండగా కునుకు పట్టెను. ప్రసంగము ముగిసి అందరును మోకరించిరి. మోకరించుటకు ఆతనికి మనసొప్పలేదు. లేచి పోదమన్న నడుమ మోకరించినవారికి భంగము కలుగును. అపుడాతనికి ఒక ఆలోచన వచ్చెను. మసీదులకు పోయినపుడు, దేవాలయములకు పోయినపుడు, ఆ స్థలములను గౌరవించి పాదరక్షలు విడిచితిని గదా, ఇచటను ఆ మర్యాద పాటింపనేల యని తలచి తానును మోకరించెను. మర్యాదకై వంచిన మోకాళ్లు ఆతని జీవితమునే మార్చెను. ఆ క్షణమున తన దేహమంతయు కంపించినదనియు, చెప్పనలవికాని ఆనందము కలిగినదనియు, తనకు తెలియకయే క్రీస్తు నామమును ఉచ్చరించితిననియు ఆయన తరువాత సాక్ష్యమిచ్చెను.

నాస్తికులు దీనిని మనోవికారమందురు, భక్తులు దైవానుగ్రహమందురు. ఆ వివాదమును తీర్చుట జీవితచరిత్రకు సాధ్యము కాదు. చరిత్రకు అందునది ఒక్కటే: ఆ దినము తరువాత ఆ మనుష్యుడు ఎట్లు జీవించెనన్నది.

మార్పు ఒక్కనాట ముగియలేదు. ఆ పిదప ఇంచుమించు ఒకటిన్నర సంవత్సరము గడచెను. 1929లో వ్యవసాయ యంత్రవిద్యకై ఆతడు కెనడాలోని విన్నిపెగ్ నగరమున ఉండెను. డిసెంబరు మాసము, మంచు కప్పిన దేశము. ఆ మాసము 14వ తేదీన ఆతడు ఒక మిత్రుని అడిగి క్రొత్త నిబంధన గ్రంథమును ఎరువు పుచ్చుకొనెను. ఒకనాడు బహుమానముగ వచ్చిన దానిని చింపినవాడు నేడు అదే గ్రంథమును చేయి చాచి అడిగి తెచ్చుకొనెను. రాత్రి చాలసేపు చదివెను. మరునాడు మంచు కురియుచుండగా గది విడువక చదివెను. 16వ తేదీన యోహాను సువార్త మూడవ అధ్యాయమునకు వచ్చెను. నీకొదేము అను యూదపండితుడు రాత్రివేళ యేసు వద్దకు వచ్చి సందేహములు అడిగిన ఘట్టమది. మనుష్యుడు తిరిగి జన్మింపవలెనను బోధ అచటనే ఉన్నది. అది చదువుచుండగా తన పాపములు తనకు కన్పట్టినవనియు, వాటికి క్షమాపణ కలదను నిశ్చయము కలిగినదనియు ఆయన చెప్పుకొనెను. ఆ దినమునే తాను క్రైస్తవుడనైన దినముగ భావించెను. పిదప స్వంతముగ బైబిలు కొని, కొలది మాసములలో ఆదినుండి అంతము వరకు చదివి ముగించెను.

ఆ నగరమున జాన్ హేవర్డ్, ఎడిత్ హేవర్డ్ అను దంపతులు ఆతనిని తమ ఇంట ఉంచుకొని ఆదరించిరి. పరదేశమున ఒంటరియైన యువకునికి వారి ఇల్లు పుట్టినిల్లువలె అయ్యెను. 1932 ఫిబ్రవరి 4న వాంకూవరు నగరమున భక్తసింగు బాప్తిస్మము పొందెను.

అప్పటికి ఆయనకు యంత్రవిద్య అలవడినది. ఉద్యోగమునకు లోటు లేదు. స్వదేశమున తండ్రి ఆస్తి ఉన్నది. అట్టి సమయమున ఆయన సువార్త ప్రచారమునకు జీవితమును అర్పింప నిశ్చయించెను. దైవము తనపై మూడు నియమములు ఉంచెనని ఆయన నమ్మెను. మొదటిది, పంజాబులోని ఆస్తిపై హక్కు వదలుకొనుట. రెండవది, ఏ మిషను సంఘమునను ఉద్యోగిగ చేరక అందరిని సమముగ సేవించుట. మూడవది, స్వంత పథకములు వేసికొనక దినదినము దైవము చూపిన త్రోవన నడచుట. అవసరములను ఎవ్వరికిని చెప్పుకొనరాదనుట దీనికి తోడైన నియమము. భూమి గట్టునకై అన్నదమ్ములు ఏండ్ల తరబడి వ్యాజ్యమాడు దేశమున, రావలసిన వాటాను అడుగకయే వదలుకొనుట ఎంతటి త్యాగమో పల్లెవాసులు ఎరుగుదురు.

1933 ఏప్రిల్ 6న ఆయన బొంబాయి రేవున దిగెను. తలిదండ్రులు అచటికి వచ్చి కలిసికొనిరి. మతము మారిన వార్త వారికి ముందే జాబు ద్వారా తెలిసినది. వారు కుమారుని నిందింపలేదు. ఒక్కటి మాత్రము కోరిరి. మనసులో ఏ దేవుని కొలిచినను కొలువవచ్చును; వంశగౌరవము నిమిత్తము ఆ సంగతి బంధువులకు తెలియనీయక దాచిన చాలునని బ్రతిమాలిరి. ఊపిరి దాచుకొని జీవించుట సాధ్యమైన ఇదియు సాధ్యమగునని కుమారుడు బదులు చెప్పెను. తలిదండ్రులు కుమారుని అచటనే విడిచి వెడలిపోయిరి.

భక్తసింగు చరిత్రమున మిక్కిలి కఠినమైన ఘట్టమిదియే. ఏడేండ్ల క్రితము తండ్రిని ఒప్పించి, కుమారుని ఓడ ఎక్కించినది తల్లి. ఆమె అడిగినది ఒక్క మాట. ఆ మాట నిలువలేదు. సత్యవాక్యమునకు హరిశ్చంద్రుని పూజించు దేశమున దీనిని చిన్న దోషమని తోసివేయరాదు. మరియొక ప్రక్క, తండ్రి ఎంత బాధించినను మనసులోని దైవమును మరుగుపరుపని ప్రహ్లాదుని కొనియాడునదియు ఈ దేశమే. కన్నవారి మాట, అంతరాత్మ మాట ఒకదానికొకటి ఎదురైనపుడు ఏది పాటించినను రెండవదాని బాకీ మిగిలియే ఉండును. భక్తసింగు ఆ బాకీ లేదని బుకాయింపలేదు. తల్లికిచ్చిన మాటను గూర్చి స్వయముగ చెప్పుకొనెను. మాట తప్పి సుఖమును పొందలేదు, ఉన్నది పోగొట్టుకొనెను. అసత్యముతో తలిదండ్రులను ఓదార్చుటకంటె సత్యముతో వారిని బాధించుటయే ఆయన ఎంచుకొనెను. కాలక్రమమున తండ్రి మనసు మెత్తబడి కుమారునితో సమాధానపడెను.

ఆనాడు బొంబాయిలో ఆయన చేతిలో ధనము లేదు, ఇల్లు లేదు. వీధులలో నిలిచి బోధించుచు, బీదల వాడలలో తిరుగుచు పని ఆరంభించెను. పిదప కరాచీ, సింధు, పంజాబు ప్రాంతములలో సంచరించెను. 1937లో పంజాబులోని మార్టిన్‌పూరులో ఆయన కూటములవలన గొప్ప ఉజ్జీవము కలిగి, పేరు దేశమంతట వ్యాపించెను. తరువాత మద్రాసునకు వచ్చెను. 1941లో కొందరు సహచరులతో పల్లావరము సమీపమున కొండపై రాత్రియంతయు ప్రార్థనలో గడపి, మద్రాసులో ఒక స్వతంత్ర సంఘమును స్థాపించెను. దానికి యెహోవా షమ్మా అని పేరిడిరి. దైవము అచట ఉన్నాడని ఆ హీబ్రూ మాటకు అర్థము.

1950లో హైదరాబాదు నగరమున గోల్కొండ చౌరస్తా వద్ద హెబ్రోను అను కేంద్రము వెలసెను. ఆ సంవత్సరమే జనవరి 26న భారత రాజ్యాంగము అమలులోనికి వచ్చి, అంతరాత్మ స్వాతంత్ర్యమును, ఇష్టమైన మతమును అవలంబించు స్వేచ్ఛను 25వ అధికరణమున ప్రతి మనుష్యునకు హామీ ఇచ్చెను. బొంబాయి రేవున ఒక కుటుంబము ఏకాంతముగ ఎదుర్కొన్న ప్రశ్నకు దేశమంతయు గూడి చెప్పిన సమాధానమది. నాటినుండి అర్ధశతాబ్దము హెబ్రోను భక్తసింగునకు ప్రధాన స్థానమయ్యెను. తెలుగు జిల్లాలలో ఆయన బోధవలన ఏర్పడిన సంఘములు వందలకొలది.

ఆయన పద్ధతులు పడమటి దేశపు పద్ధతులు కావు. ఆరాధనకు వచ్చినవారు పాదరక్షలు వెలుపల విడిచి చాపలపై కూర్చుండెడివారు. పాటలు దేశభాషలలో సాగెడివి. తెలుగు సంఘములలో సీయోను గీతములు ఇంటింట మ్రోగినవి. ఆదివారపు ఆరాధన గంటలకొలది నడచెడిది. అనంతరము అందరును కలిసి భుజించు ప్రేమవిందు ఉండెడిది. ఏటేట జరుగు మహాసభలకు దూరప్రాంతములనుండి వేలాది జనులు వచ్చి, పందిళ్లలో దినముల తరబడి నివసించెడివారు. పూర్వము యూదులు పర్ణశాలల పండుగనాడు కుటీరములలో వసించినట్లుండెడిది ఆ దృశ్యము. ధనమునకై విజ్ఞప్తులు లేవు. కులము, ధనము, పదవి అనక అందరును ఒక పంక్తిని కూర్చుండి ఒకే అన్నము తినెడివారు. ఆ కాలపు పల్లెలలో, క్రైస్తవులలో సయితము, కులభేదము ఎంత గట్టిగ పాతుకొనియుండెనో తెలిసినవారికి ఆ పంక్తి విలువ తెలియును. వినయముతో వాక్యము చదువుట, మోకాళ్లపై ప్రార్థించుట ఆయన శిష్యులకు నేర్పిన ముఖ్య విద్యలు. ఇంగ్లీషున, హిందూస్తానీలో ఆయన బోధించుచుండగా అనువాదకులు తెలుగున వినిపించెడివారు.

ఆయన సమకాలికుడే మన తెలుగుదేశమున సరిగ ఎదురు దారిని నడచెను. ఆయనయే గోరాయని ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు. 1902లో ఆచారపరమైన బ్రాహ్మణ కుటుంబమున పుట్టి నాస్తికుడయ్యెను. మధురలోని అమెరికన్ కళాశాలలో పనిచేయునపుడు, క్రైస్తవుడైనచో అమెరికాలో ఉన్నతవిద్యకు పంపెదమని ఆశ చూపగా ఆయన తిరస్కరించెను. భక్తసింగు బొంబాయిలో దిగిన 1933లోనే, నాస్తికభావములు ప్రకటించినందుకు కాకినాడ కళాశాలలో గోరా ఉద్యోగము పోయెను. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో ఆయన నాస్తిక కేంద్రమును స్థాపించి, కులభేదములేని సహపంక్తి భోజనములు నడిపెను. లాభము కలుగునపుడు మతము మారనివాడు ఒకడు. నష్టము కలుగునని తెలిసియు మారినవాడు మరియొకడు. వారి సిద్ధాంతములు ఉత్తర దక్షిణ ధ్రువములు. అయినను ఇరువురు నమ్మినదానికి తగిన మూల్యము చెల్లించిరి. ఇరువురు అన్ని కులములవారిని ఒక పంక్తిని కూర్చుండబెట్టిరి. మనుష్యుని విశ్వాసము నిజమా కాదా అని తెలిసికొనుటకు అతడు చెప్పు మాటలు చాలవు. దానివలన అతనికి వచ్చినదెంత, పోయినదెంత అని లెక్క చూడవలెను.

వార్ధక్యమున భక్తసింగునకు పార్కిన్సన్ వ్యాధి సోకెను. కడపటి సంవత్సరములలో బోధించుటకు శక్తి లేక, హెబ్రోనులోనే శిష్యుల పరిచర్యలో ఉండెను. 2000 సెప్టెంబరు 17న, 97 ఏండ్ల వయసున, అచటనే తుదిశ్వాస విడిచెను. అంత్యయాత్రకు పల్లెలనుండి, పట్టణములనుండి వచ్చిన జనముతో నగరవీధులు నిండిపోయెను. నారాయణగూడ శ్మశానవాటికలో ఆయన దేహమును సమాధి చేసిరి. పంజాబులోని ఆస్తిని విడిచినవానికి తెలుగునేల ఆరడుగుల చోటిచ్చినది.

ఆయన వ్యాధిగ్రస్తుడై ఉన్న దినములలోనే, నగరమునకు పడమట మాధాపూరు రాతిగుట్టల నడుమ హైటెక్ సిటీ తలయెత్తుచుండెను. 1998 నవంబరు 22న అచట సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధానమంత్రి వాజపేయి ప్రారంభించెను. అటుపిమ్మట తెలుగు పల్లెల బిడ్డలు వేలకొలదిగ ఆ భవనములకు, అచటినుండి లండనునకు, కెనడాకు పోవుచున్నారు. 1926లో లక్ష్మీబాయి కోరినట్లే నేడును తల్లులు బిడ్డల చేత మాటలు తీసికొని పంపుచున్నారు. దూరదేశమున ఒంటరి గదిలో బిడ్డ మనసున ఏమి జరుగునో తల్లికి తెలియదు. దైవమును విడువవచ్చును, వేరొక దైవమును చేరవచ్చును, పుట్టిన మతమునే లోతుగ తెలిసికొనవచ్చును. ఏది జరిగినను, తిరిగి వచ్చినపుడు నిజము చెప్పగల బిడ్డయు, ఆ నిజమును విని తలుపు మూయని తలిదండ్రులును ఉన్న ఇల్లు ధన్యము. భక్తసింగు ఇంట మొదటిది ఆనాడే కలిగినది. రెండవదానికి కొన్ని ఏండ్లు పట్టినది.

ఒక గ్రంథమును అట్టకై చింపిన బాలుడు, అదే గ్రంథమును ఎరువు తెచ్చుకొని చదివి, తన జీవితమంతయు దానికి అర్పించెను. చదువక పారవేసిన పుస్తకము మరియొకనాడు మనలను వెదకుకొనుచు రావచ్చును. ఆ దినమున దానిని తెరచి, నెమ్మదిగ, పూర్తిగ చదువు ఓర్పు మనకు ఉండవలెను.